ఇంకా చూద్దాంలే!

గుంటూరు మిర్చియార్డుకు టిక్కీలు తోలిన రైతు మొదటి బేరానికే సరుకు ఇచ్చేస్తాడా? ఇవ్వడు. మచ్చు చూపిస్తాడు. పక్క కొట్లో ఏం పలికిందో కనుక్కుంటాడు. ధర నచ్చకపోతే ‘ఏసీ’లో పెట్టేసి, రసీదు జేబులో వేసుకుని ఊరికి బస్సెక్కుతాడు. ఎవరన్నా అడిగితే ‘ఇంకా చూద్దాంలే’ అంటాడు.

ఎన్నికలు ఆర్నెల్లు ఉన్నాయనగా అదే రైతును టీ కొట్టు దగ్గర కదిలించి చూడండి.

‘ఈసారి ఎవరికి బాబాయ్?’

‘ఇంకా చూద్దాంలేరా అబ్బాయ్!’

సర్వేల వాళ్లు ఈ జవాబును ‘ఇంకా తేల్చుకోనివారు’ అనే గడిలో వేస్తారు. పార్టీల వాళ్లు ‘గోడమీద పిల్లి’ అంటారు. ఆయన మాత్రం మిర్చి విషయంలో ఎంత తెలివిగా ఆగాడో ఓటు విషయంలోనూ అంతే తెలివిగా ఆగుతున్నాడు. కళ్లంలో కాయ ఏరే ఆడవాళ్ల దగ్గరికెళ్లి ‘మీ ఇంట్లో ఎవరికి వదినా?’ అంటే ఇంకాస్త ముదురు సమాధానం వస్తుంది. ‘మా ఆయన మాట ఆయన్నే అడగండి. నాది పెట్టె దగ్గర చెబుతా!’

ఈ గుంభనానికి తెలివి ఒక కారణమైతే, భయం రెండోది. పల్లెలో ఓటు సంగతి పొద్దున నోరు జారితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. రేపు ఓడిన పక్షం వాడివని ముద్ర పడితే పింఛను ఏమవుతుందో, గట్టు తగాదాలో ఎవరు అడ్డం తిరుగుతారో అన్న బెంగ ఉంటుంది. 2024 మే 13న పోలింగ్ ముగిశాక పల్నాడులో గొడవలు చెలరేగి 144 సెక్షన్ పెట్టాల్సి వచ్చింది. అలాంటి చోట ముందుగా మద్దతు ప్రకటించడం సరదా వ్యవహారం కాదు.

సరే, ఓటరు చూద్దామని ఆగాడు. అభ్యర్థులు ఆగుతారా?

2023 డిసెంబరు సంగతి గుర్తు చేసుకోండి. 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. పైర్లు నీట మునిగాయి. ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ప్రాజెక్టుకు 2022లో ఒక గేటు కొట్టుకుపోతే, ఈ వానలకు ఇంకో గేటు పోయింది. రైతు పొలంలో నీళ్లు తోడుకుంటున్న రోజులవి. సరిగ్గా ఆ వారంలోనే, 11వ తేదీన, అప్పటి అధికార పార్టీ వైఎస్సార్ కాంగ్రెస్ 11 నియోజకవర్గాలకు కొత్త ఇన్‌ఛార్జుల జాబితా ఇచ్చింది. అందులో గాజువాక తప్ప మిగతా పదీ ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాలవే!

చిలకలూరిపేట మంత్రి విడదల రజిని గుంటూరు పశ్చిమకు వెళ్లారు. వేమూరు మంత్రి మేరుగు నాగార్జున సంతనూతలపాడుకు, యర్రగొండపాలెం మంత్రి ఆదిమూలపు సురేష్ కొండపికి మారారు. ప్రత్తిపాడు నుంచి గెలిచి హోం మంత్రిగా చేసిన మేకతోటి సుచరిత తాడికొండకు వచ్చారు. నిన్నటిదాకా ‘మా ఎమ్మెల్యే’ అనుకున్నవారు తెల్లారేసరికి పక్క నియోజకవర్గంలో దండలు వేయించుకుంటున్నారు. ‘మరి మనకెవరు?’ అని ఓటరు అడగబోయేలోపే పేరు ఖరారైపోయింది.

మంగళగిరి కథ ఇంకా చిత్రం. 2014లో అక్కడ ఆళ్ల రామకృష్ణారెడ్డి తెలుగుదేశం అభ్యర్థి గంజి చిరంజీవి మీద గెలిచింది కేవలం 12 ఓట్లతో. 2019లో నారా లోకేశ్ మీద 5,337 ఓట్లతో గెలిచారు. 2023 డిసెంబరు 11న ఆళ్ల రాజీనామా చేశారు. ఆ స్థానంలో ఇన్‌ఛార్జిగా వచ్చిందెవరు? ఆ 12 ఓట్లతో ఓడిన చిరంజీవే, పార్టీ మారి! రెండు నెలలకు ఆళ్ల మళ్లీ పార్టీలోకి వచ్చారు. ఎన్నికల నాటికి టికెట్ ఇద్దరిదీ కాదు, మురుగుడు లావణ్యది. చివరికి లోకేశ్ 91,413 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు.

ఒక్క పార్టీని అని లాభం లేదు. పొత్తులో తెనాలి జనసేనకు వెళ్లింది. ఏళ్ల తరబడి అక్కడ తెలుగుదేశం జెండా మోసిన ఆలపాటి రాజేంద్రప్రసాద్ పక్కకు జరగాల్సి వచ్చింది. కార్యకర్త అలిగాడు, నాయకుడు బుజ్జగించాడు, అందరూ సర్దుకున్నారు. బీ ఫారం ఎవరి చేతికి వెళ్లాలో తేల్చేది ఏ పార్టీలోనైనా పైవాళ్లే.

ఇదే సంగతి అమెరికాలో ఉన్న అబ్బాయో అమ్మాయో ఫోన్ చేసినప్పుడు కదపండి. అక్కడి పద్ధతి వింటే ఆశ్చర్యం వేస్తుంది. అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థి ఎవరన్నది కూడా రాష్ట్రాల వారీగా ఓటర్లే తేలుస్తారు. దాన్నే ప్రైమరీ అంటారు. అయోవా రాష్ట్రంలో డెమోక్రాట్లు 2020 వరకు దాదాపు మన రచ్చబండలాగే చేసేవారు. చలికాలం సాయంత్రం ఇరుగుపొరుగు ఓ బడిలోనో చర్చిలోనో చేరి, తమకు నచ్చిన అభ్యర్థి పేరు మీద తలా ఓ మూల నిలబడేవారు. సాధారణంగా 15 శాతం మంది కూడా చేరని గుంపు వాళ్లు ఇంకో గుంపులో కలవచ్చు. ‘మా వైపు రండి’ అని బతిమాలుకోవడాలూ, ‘ఎందుకు రావాలి?’ అని నిలదీయడాలూ అందరి ఎదుటే. ఎటూ తేల్చుకోని మనిషికి అక్కడ ఎంత గిరాకీయో!

తొలి ఊపు చివరిదాకా ఉంటుందన్న భరోసా కూడా లేదు. 2008 జనవరి 3న అయోవాలో ఒబామా గెలిస్తే, హిల్లరీ క్లింటన్ మూడో స్థానానికి పడిపోయారు. ఇక ఆమె పని అయిపోయిందన్నారు. ఐదు రోజులకు న్యూహాంప్‌షైర్‌లో సర్వేలన్నీ తలకిందులై ఆమే గెలిచారు. 2020లో బైడెన్ అయోవాలో నాలుగు, న్యూహాంప్‌షైర్‌లో ఐదు. ఆయన చివరికి అధ్యక్షుడయ్యారు. ‘చూద్దాంలే’ అన్నవాళ్లు అక్కడ మొదటినుంచీ ఆటలో ఉన్నారు.

అలాగని అదేమీ లోపం లేని పద్ధతి కాదు. అక్కడా డబ్బు మాట్లాడుతుంది. తీరిక దొరికినవాళ్లే ఆ సాయంత్రం సమావేశాలకు వెళ్లగలుగుతారు. మన పద్ధతికీ ఓ చరిత్ర ఉంది. 1983 జనవరిలో ఎన్టీఆర్ పార్టీ పెట్టి పది నెలలైనా నిండకముందే రెండొందలకు పైగా సీట్లు వచ్చాయి. చాలాచోట్ల జనం సైకిల్ గుర్తునూ ఆయన్నూ చూసి ఓటేశారు. అభ్యర్థి ఎవరన్నది తర్వాతి మాట. ఆ అలవాటు అన్ని పార్టీలకూ కలిసొచ్చింది. 2024లోనూ అంతే. డిసెంబరు జాబితాలోని ఆ పది స్థానాల్లోనూ వైఎస్సార్ కాంగ్రెస్ ఓడిపోయింది. కానీ మార్పుల వల్లే ఓడిందనడానికి లేదు. రాష్ట్రమంతటా ఆ పార్టీకి దక్కినవి 11 స్థానాలే. సురేష్‌ను తప్పించి కొత్త మనిషిని నిలిపిన యర్రగొండపాలెం మాత్రం ఆ పదకొండులో ఒకటి! గాలి ఒకటుంటుంది, మనిషి ఒకరుంటారు. మనిషి పనికొస్తాడా లేదా అని తూచే అవకాశమే మన ఓటరుకు రావడం లేదు.

అందుకే ఈ ‘చూద్దాంలే’ని ఊరికే పోనివ్వకూడదు. ఏసీలో పెట్టిన మిర్చికి అద్దె పడుతుంది. ధర కనుక్కోకుండా ఏడాదంతా ఉంచేస్తే మిగిలేది నష్టమే. ఓటూ అంతే. ఆర్నెల్లు నోరు మెదపకుండా ఉండి, ఆఖరి రాత్రి గడప దగ్గరికొచ్చిన కవరు చూసి తేల్చుకుంటే, అన్నాళ్లు ఆగినందుకు ఆ కవరే దక్కుతుంది.

ఎవరికి ఓటో చెప్పక్కర్లేదు. ఏం కావాలో చెప్పొచ్చు. పేరు ఇంకా ఖరారు కాని రోజుల్లో టికెట్టు ఆశించేవాళ్లంతా పెళ్లిళ్లకూ పెద్దకర్మలకూ పిలవకుండానే వస్తారు. వచ్చినవాళ్లను వచ్చినట్టే కూర్చోబెట్టి అడగాలి. గుంటూరు ఛానెల్ పర్చూరు దాకా ఎప్పుడొస్తుంది? గుండ్లకమ్మ గేట్లకు పూచీ ఎవరిది? 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ మీద మీ మాటేమిటి? పత్తి రేటు పడిపోయిన ఏడాది మీరెక్కడున్నారు? ఇవి అడిగితే ఏ పక్షం ముద్రా పడదు.

మంగళగిరిలో 12 ఓట్లంటే మూడు నాలుగిళ్ల ఓట్లు. ఏ బజారులోనైనా వరసగా ఉన్న నాలుగిళ్ల వాళ్లు సాయంత్రం అరుగు మీద చేరితే పోగయ్యేవే. వాళ్లంతా కలిసి ఒకే ప్రశ్న పట్టుకుంటే, టికెట్టు కోసం తిరిగే మనిషి ఆ అరుగు దగ్గర కారు ఆపక తప్పదు.