రేకు లెక్క మనకెందుకంటారా?

‘సంఖ్యాత్మక పద్ధతులు’ అనగానే మన బి.ఎస్సీ. మిత్రులు చాలామంది మొహం ముడుచుకుంటారు. పరీక్షల ముందు గైడు తెచ్చి, నాలుగు సూత్రాలు బట్టీపట్టి, మర్నాటికి మరచిపోతారు. “ఇనుపరేకు ఎట్ల కంపిస్తే మనకేంది? అది ఇంజనీర్ల పని” అంటారు. ఈ మాటతోనే నాకు పేచీ.

మాది వ్యవసాయ కుటుంబం. పొలానికి నీళ్లు రావాలన్నా, వానకాలంలో ఊళ్లు క్షేమంగా ఉండాలన్నా ప్రాజెక్టు గేటే ఆధారం. 2022 జులై వరదలో కడెం ప్రాజెక్టు 18 గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. దిగువ పల్లెల జనం ఇండ్లు విడిచి పోవలసి వచ్చింది. దానికి కంపనమే కారణమని నేననడం లేదు. కాని గేటంటే ఏమిటి? వెనుక దూలాలు బిగించిన ఉక్కురేకు. దాన్ని కొద్దిగా ఎత్తినప్పుడు కింద దూసుకుపోయే నీటి అదురు, రేకు సహజ పౌనఃపున్యంతో కలిసిందా, అనునాదమే! అది ఆగకుంటే ఉక్కయినా అలసిపోతుంది.

కంపించే రేకు మీద ఇసుక గీతలు కట్టడాన్ని జర్మనీ శాస్త్రజ్ఞుడు క్లాడ్నీ 1787లో వివరించాడు. ఆడపిల్ల అని కాలేజీలో చేర్చుకోని ఫ్రాన్సు దేశంలో, సోఫీ జెర్మేన్ ఆ గీతల వెనుక గణితాన్ని వెదకి 1816లో బహుమతి పొందింది. అంచులు వదిలేసిన చదరపు రేకుకు సూటి సూత్రం దొరకలేదు. 1909లో రిట్జ్ దగ్గరి జవాబు రాబట్టే దారి చూపాడు. 31 ఏండ్లకే చనిపోయాడు. రేకును ముక్కలుగా విడదీసే పరిమిత మూలక పద్ధతి తర్వాత వచ్చింది. ఆ ముక్కల వల కూడా అక్కర్లేని పద్ధతిని 1998లో సహచరుడితో కలిసి ప్రకటించిన సత్య అట్లూరి మన గుడివాడలో పుట్టినవాడే.

ఇదంతా మనకందనిది కాదు. నాలుగంచులూ ఊరకే ఆనించిన చదరపు రేకుకు ఖచ్చితమైన జవాబుంది: ప్రమాణాలు తీసేస్తే 19.74. నేను కాగితం మీద గళ్లు గీసి పరిమిత భేద పద్ధతిలో లెక్కగట్టాను. భుజాన్ని 2 భాగాలు చేస్తే 16 వచ్చింది. 4 చేస్తే 18.75, 8 చేస్తే 19.49. వాలు పొలాన్ని మడులు చేసినట్టే! మడి చిన్నదైనకొద్దీ నీళ్లు సమంగా నిలుస్తయి, ఒడ్ల పని మాత్రం పెరుగుతుంది. ఎంత శ్రమకు ఎంత నిజం దక్కుతుందో తెలుసుకోవడమే ఈ శాస్త్రం. గైడులో సూత్రం ఉంటుంది గాని ఈ తెలివి ఉండదు.

అందుకే అధ్యాపకులకూ, మన యూనియన్‌కూ నా మనవి. ప్రయోగశాలలో ఒక రేకు, పిడికెడు ఇసుక పెట్టించండి. వారానికొక గంట కంప్యూటర్ ముందు కూర్చోనివ్వండి. లెక్క వేసి, రేకు మీద సరిచూసుకుంటాం.

నేడు కంప్యూటర్ క్షణంలో అంకె ఇస్తుంది. ఎన్ని ముక్కలు చేశారు, అంచుల్ని ఏమనుకున్నారు, నీటి బరువు కలిపారా అని అడగగలిగేవాళ్లు కావాలి. ఆ అడిగేవాళ్లు మన పల్లెల నుంచే రావాలి మిత్రులారా! ఎందుకంటే, గేటు కింద బతికేది మనమే.