శ్రోత దాచిన పాట

పోయిన నెల ఒక సంగీత సంస్థ నుంచి మాకు ఉత్తరం వచ్చింది. భీమ్‌గల్‌లో ఈ మధ్య కాలం చేసిన ఒక రసికుడి క్యాసెట్లను, పాత రికార్డులను, ఆయన రాసుకున్న నోటుపుస్తకాలను భద్రపరచమని ఆ ఇంటివాళ్ల తరఫున మేమే అడిగాం. విద్వాంసుల సేకరణలు మాత్రమే తీసుకుంటామని, శ్రోతల సేకరణలు తమ పరిధిలోకి రావని జవాబు రాశారు. మర్యాదగానే రాశారు. సంగీత చరిత్ర పాడినవాళ్లతో మొదలై పాడినవాళ్లతోనే ముగుస్తుందన్న నమ్మకం ఆ మర్యాద వెనక ఉంది. ఆ నమ్మకంతోనే మా తగాదా.

వోలేటి వెంకటేశ్వర్లు సంగతే చూడండి. శ్రీపాద పినాకపాణి శిష్యుడు, విజయవాడ ఆకాశవాణిలో ఏళ్ల తరబడి పనిచేసినవారు, 1989లో కన్నుమూశారు. ఆయన పోయాక పుట్టినవాళ్లు కూడా ఇవాళ ఆయన రాగాలాపన గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటున్నారు. వాళ్లకు ఆ గొంతు ఎలా చేరింది? దుకాణంలో వోలేటి పేరుతో దొరికినవి ఎప్పుడూ కొద్దే. రేడియో పక్కన టేపురికార్డరు పెట్టుకుని కూర్చున్న గుమస్తాలు, బడిపంతుళ్లు, ముందు వరసలో ఒళ్లో మైకు పెట్టుకున్న రసికులు, వాళ్ల దగ్గర నకలు తీసుకున్న మిత్రులు, ఆ నకలుకు మళ్లీ నకలు తీసినవాళ్లు, వీళ్లందరి చేతుల మీదుగా చేరింది. ఇంకోవైపు, టేపుల కొరత ఉన్న రోజుల్లో రేడియో కేంద్రాల్లో పాత కచేరీలు చెరిపి వాటి మీదే కొత్తవి ఎక్కించిన సంగతి ఆ రంగంలో అందరికీ తెలిసిందే. కేంద్రంలో చెరిగిపోయిన పాట ఎక్కడో ఒక ఇంటి అలమారలో బతికింది. అలాంటప్పుడు ఆ ఇంటివాడు చరిత్రకు బయటివాడు ఎలా అవుతాడు?

భీమ్‌గల్‌లో శాస్త్రీయ సంగీతం ఏమిటని అడిగేవాళ్లున్నారు. లింబాద్రి గుట్ట జాతర, పసుపు, బీడీలు, గల్ఫ్ ప్రయాణాలు, మా ప్రాంతమంటే బయటివాళ్లకు ఇవే గుర్తు. సంగీతం మా దాకా వచ్చింది కూడా ఆ పసుపు దారినే. ధర బాగుందంటే ఇక్కడి పసుపు నిజామాబాద్ యార్డు దాటి మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా పోతుంది. సాంగ్లీ పక్కనే మిరజ్. తంబురాలకు, సితార్లకు పెట్టింది పేరు. 2024లో ఆ వాద్యాలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. హిందుస్తానీ సంగీతంలో కిరానా ఘరానాకు పెద్దదిక్కయిన ఉస్తాద్ అబ్దుల్ కరీం ఖాన్ స్థిరపడిన ఊరు అదే, ఆయన సమాధి ఉన్నదీ అక్కడే. మా రసికుడు యువకుడిగా లారీ వెంట సాంగ్లీ వెళ్లి, బేరం తెగేదాకా కాలక్షేపానికి మిరజ్ వీధుల్లో తిరుగుతూ మొదటిసారి ఖాన్‌సాహెబ్ పాట విన్నారు.

1937లో మద్రాసు నుంచి పాండిచ్చేరి పోతూ దారిలో రైల్వే ప్లాట్‌ఫారం మీద ప్రాణం విడిచిన ఆ గాయకుడు, చివరి ఏళ్లలో ఓడియన్ కంపెనీకి పాడిన 78 స్పీడు రికార్డుల్లో ఒక త్యాగరాజ కృతి ఉంది, ఖరహరప్రియలో. మూడు నిమిషాల పైచిలుకు. ఆ రికార్డు చుట్టూ భీమ్‌గల్‌లో శ్రోతల మధ్య ఏళ్ల తరబడి వాదన నడిచింది. మనవాళ్లు పాడితే గాంధారం ఊగుతుంది, నిషాదం ఊగుతుంది. ఆయన స్వరాన్ని నిలబెట్టి, దాని మీద కాసేపు ఆగి, అప్పుడు కదులుతాడు. ఇది ఖరహరప్రియేనా, కాఫీ థాట్‌లో పాడిన తెలుగు మాటలా అని ఒక పక్షం. దక్షిణాదిలో తిరిగి మన స్వరకల్పన విని తన సర్గమ్‌లోకి తెచ్చుకున్న మనిషి ఆయన, కృతిని ఎంత గౌరవించాడో ఆ నిదానంలోనే వినండని ఇంకో పక్షం. మాటల పలుకు సరిగా లేదని ఒకరంటే, త్యాగయ్య భావం పలుకులో ఉందా స్వరంలో ఉందా అని మరొకరు నిలదీసేవారు. సూది మళ్లీ మొదటికి పెట్టించి, ఒక్క సంగతిని పదే పదే విని తగువు తీర్చుకునేవాళ్లు, తీరకపోతే వచ్చే ఆదివారానికి వాయిదా వేసుకునేవాళ్లు. ఇదంతా ఆ నోటుపుస్తకాల్లో ఉంది. ఎవరు ఏమన్నారో, ఏ చోట ఆపి మళ్లీ వేయించారో రాసి ఉంది. సంస్థవారు వద్దన్నది దీన్ని.

మద్రాసు సభలను కొలమానంగా పెట్టుకుని రాసిన సంగీత చరిత్రలో తెలంగాణ శ్రోతకు చోటు లేదు. ఈ చెవి రెండు వైపుల నుంచి తయారైంది. ఒకవైపు విజయవాడ రేడియో నుంచి భక్తిరంజని, బాలమురళీకృష్ణ, వోలేటి. ఇంకోవైపు, 1952లో మొదలైన ఆకాశవాణి జాతీయ సంగీత కార్యక్రమం పుణ్యమా అని శనివారం రాత్రుల్లో హిందుస్తానీ, కర్ణాటకం రెండూ. హిందుస్తానీ గాయకుడు బడే గులాం అలీ ఖాన్ 1968లో కన్నుమూసింది హైదరాబాద్‌లో, ఆయనను ఖననం చేసింది దాయిరా మీర్ మోమిన్‌లో. మరో హిందుస్తానీ గాయకుడు జస్‌రాజ్ పెరిగింది ఆ నగరంలోనే, తండ్రి పేర, అన్న పేర ఏటేటా సమారోహం జరిపిందీ అక్కడే. ఒకే రాత్రి పినాకపాణి తోడిని, కరీం ఖాన్ తోడిని పక్కపక్కన పెట్టి విని, పేరు ఒకటే అయినా రాగాలు వేరని, కర్ణాటక తోడికి దగ్గర హిందుస్తానీ భైరవి అని తేల్చుకున్న శ్రోతలు మావాళ్లు. పరీక్ష పాసైనవాళ్లు కారు, బిరుదులున్నవాళ్లు అంతకన్నా కారు. పండితుడు తన సంప్రదాయం గీసిన గీత దాటడానికి వెనకాడిన చోట వీళ్లు ధైర్యంగా దాటారు. అటువంటి శ్రోత రాసిపెట్టుకున్నదాన్ని చెత్తబుట్ట పాలు చేస్తే ఈ ప్రాంతపు సంగీత జ్ఞానం సగం పోతుంది. ఆ నష్టానికి బాధ్యులు ఎవరో మేము పేరు పెట్టి చెప్పం, కానీ బాధ్యత ఉందని గట్టిగానే చెబుతున్నాం.

దుబాయ్, మస్కట్ పోయినవాళ్లు తెచ్చిన డబుల్ డెక్ టేపురికార్డర్లు లేకపోతే ఇంత సంగీతం మా ఊరికి చేరేది కాదు. ఇంటి క్షేమ సమాచారం చెప్పుకోవడానికి కొన్న యంత్రమే కచేరీలకు నకళ్లు తీసింది. 90 నిమిషాల క్యాసెట్, ఒక్కో వైపు 45. పల్లవి మంచి పట్టులో ఉండగా టేపు అయిపోయేది. తిప్పి పెట్టేలోపు పోయిన ఆవర్తనాలు పోయినట్లే. మిత్రుడి నకలులో ఆ ముక్క ఉందేమోనని ఆర్మూరుకో నిజామాబాద్‌కో ఉత్తరం రాసేవాళ్లు. ఇలా రెండు మూడు ఇళ్ల టేపులు కలిస్తేనే ఒక కచేరీ పూర్తయ్యేది. పంచుకోవడం ఆపినవాడి దగ్గర అసంపూర్తి పాటే మిగిలింది.

హక్కుల మాట ఏమిటంటారా, ప్రచురితమైన రికార్డుకు మన చట్టమిచ్చే రక్షణ 60 ఏళ్లు, ఖాన్‌సాహెబ్ రికార్డులు ఎప్పుడో అందరివయ్యాయి, మిగతావి మేము అమ్మబోవడం లేదు.

టేపు ఎవరి కోసమూ ఆగదు. తేమకు పూత మెత్తబడుతుంది, పొడిగా రాలుతుంది, ఆడిస్తే హెడ్డుకు అంటుకుంటుంది. సంస్థల బీరువాల్లోనూ అంతే. తాళం వేసి ఉంచినంత మాత్రాన ఏ రికార్డింగూ బతకదు, వినేవాడికి చేరాలి, దాని గురించి ఇద్దరు మాట్లాడుకోవాలి. ఏ సేకరణలోనైనా కిందటేడు ఎన్ని గంటల సంగీతం జనానికి వినిపించారో లెక్క చెప్పమని అడగండి. మేము అడిగాం, జవాబు రాలేదు.

అందుకని ఆ రసికుడి క్యాసెట్ల పెట్టెలు భీమ్‌గల్‌లోనే ఉంటాయి. వచ్చే నెల మొదటి ఆదివారం సాయంత్రం నుంచి, నెలకొకసారి, మా కార్యాలయంలో వాటిలోంచి రెండు గంటలు వింటాం, ఆ తర్వాత ఎంతసేపైనా మాట్లాడుకుంటాం. నోటుపుస్తకాలను వరసగా ఈ పత్రికలో అచ్చువేస్తాం. మొదటి సాయంత్రానికి ఒక వోలేటి క్యాసెట్ తీసిపెట్టాం. దాని అట్ట మీద ఊరు లేదు, తేదీ లేదు, వయొలిన్ పక్క పేరు రాసి కొట్టేసి ఉంది, మృదంగం పక్క ప్రశ్నార్థకం ఉంది. ఆ వయొలిన్ ఎవరిదో గుర్తుపట్టగల చెవి మీకుంటే రండి. ఆ కచేరీ మీ ఇంట్లోనూ ఉంటే, రెండో వైపు మొదటి నాలుగు నిమిషాలు మాకు కావాలి.