ఒక ఇంట రెండు బడులు

వేసవి సెలవులింకను సగము గడువకమునుపే తెనాలి గోడలమీద బిడ్డల బొమ్మలు మొలచును. పదవ తరగతిలో ఆరువందలకు ఇన్ని మార్కులని ఒక కాగితము; ఐ.ఐ.టి.కి ఆరవ తరగతినుండియే పునాదియని వేరొకటి. బాపట్లలోను రేపల్లెలోను ఇదియే వరుస. ఈ దినములలో నలుగురు గృహస్థులు కూడినచోట పుట్టు ప్రశ్న యొక్కటియే: బిడ్డ నే బడిలో వేయవలెను? సర్కారుబడిలోనా, పరీక్షపెట్టి ఏరుకొను గురుకులములోనా, ఫీజు గట్టించుకొను ప్రైవేటుబడిలోనా? అంగడికి బోయి గుడ్డ బేరమాడువాడు తనకు గావలసిన గజములను గూర్చి ఆలోచించునుగాని ఊరివారి ఒంటిమీది గుడ్డను గూర్చి ఆలోచింపడు. బడి విషయమున మనము నట్లే వర్తించుచున్నాము. ఇంతకంటె సిగ్గుపడదగిన సంగతి మరొకటి కలదు. ఆ ప్రశ్నలోని ‘బిడ్డ’ యను మాటకు చాల ఇండ్లలో ‘కొడుకు’ అనియే అర్థము.

ఉదయము ఎనిమిది గంటలకు ఏ వీధిలోనైనను నిలిచి చూడుడు. మెడకు పట్టీ బిగించుకొని కొడుకు పసుపుపచ్చ బస్సెక్కును. అదే గడపనుండి కూతురు పుస్తకముల సంచి భుజమున వైచుకొని పురపాలక పాఠశాలకు నడచిపోవును. కారణ మడిగినచో తల్లిదండ్రులు దాచనుగూడ దాచరు: ‘ఇద్దరికిని కట్టలేముగదండీ, దానికి కట్నముగూడ చూడవలెను.’ కట్నమునకు దాచు సొమ్ము ఫీజునుండి తగ్గించుచున్నారు. చదువు తగ్గినందున కట్నము పెరుగునని మాత్రము లెక్కవేయరు. అందరిండ్లలో నిట్లే జరుగుచున్నదని మే మనము. కాని ఇది చదువుచున్న సోదరీమణులలో ఇట్టి ఇంటినొకదాని నెరుగనివారుందురా?

వీరేశలింగముగారు 1874లో ధవళేశ్వరమున బాలికలకు బడి పెట్టినప్పుడును, ఉన్నవ దంపతులు 1922లో గుంటూరున శారదానికేతనమును స్థాపించినప్పుడును వారికి ఎదురైన వాదము ఒక్కటే, ఆడుదానికి చదువేలయని. ఆ వాదము నేడు నోట పలుకువాడు లేడు. అది వేషము మార్చుకొని ఇంటి జమాఖర్చు పుస్తకములో దూరినది. 2020 జనవరిలో మొదలైన అమ్మఒడి పథకమున తల్లి కొకరికి ఏటికి 15,000 రూపాయలని నిర్ణయించిరి. బిడ్డ లెందరైనను అంతే. 2025లో తల్లికి వందనమను పేర బడికి బోవు ప్రతిబిడ్డకును ఇచ్చుట మొదలిడిరి. రెండు పథకములందును ప్రైవేటుబడిలో చదువు బిడ్డల తల్లులకును సొమ్ము ముట్టినది. కూతురి పేర వచ్చినది కొడుకు ఫీజులో కలిసిపోవు ఇల్లు లేదని ఎవ రనగలరు? ప్రభుత్వము తల్లి చేతికిచ్చినది. తల్లి చేయి ఎవరి చేతిలో నున్నదో ప్రభుత్వ మడుగలేదు.

ఇంతకును ఆ ఫీజునకు వచ్చు ప్రతిఫల మెట్టిది? మేము ప్రైవేటుబడికి పగవారము గాము గనుక, ఉన్నదున్నట్లే చెప్పెదము. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు 2008నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున అయిదు జిల్లాలలో 180 గ్రామములలో ఒక పరీక్ష చేసిరి. సర్కారుబడి పిల్లలలో చీట్లు వేసి, చీటి తగిలినవారికి ప్రైవేటుబడి ఫీజును తామే కట్టించిరి. రెండేండ్లకును, నాలుగేండ్లకును తూచి చూడగా తెలుగులోను లెక్కలలోను చీటి తగిలినవారికిని తగులనివారికిని భేదము కనబడలేదు. హిందీలో మాత్రము ప్రైవేటుబడి పిల్లలు మిక్కిలి ముందుండిరి. కారణము, ఆ తరగతులలో సర్కారుబడి హిందీ చెప్పదు. ఇంగ్లీషు మోజుతో బిడ్డను పంపిన తండ్రికి హిందీ దక్కినదన్నమాట! ఈ ఫలితములు 2015లో ప్రకటింపబడినవి.

అయితే ఇది విని మన సర్కారు ఉపాధ్యాయులు చంకలు గొట్టుకొనవలసిన పని లేదు. ఆ పరిశోధనలోనే మరొక మాట కలదు: ఒక్కొక్క బిడ్డపై ప్రైవేటుబడికి అగు ఖర్చు సర్కారుబడి ఖర్చులో మూడవవంతుకంటె తక్కువ. తెలుగునకును లెక్కలకును అక్కడ తక్కువ వేళయే కేటాయించి, తక్కువ జీతగాండ్రతో అదే ఫలము తెచ్చుచున్నారు. శిక్షణ పొంది, పోటీపరీక్షలో నెగ్గి, మంచి జీతము గొనుచున్నవారు అంతకు మించి చూపలేకపోవుట పొగడ్త యగునా? ఇక ఆ తక్కువ జీతగాండ్రెవరు? బి.ఇడి. చదివి, ఇంటిపని ముగించుకొని, నిలిచినకాళ్లమీద దినమంతయు పాఠములు చెప్పి, వేసవి నెలల జీతము వచ్చునో రాదో తెలియని మన ఆడపడుచులే వారిలో చాలమంది. కొడుకును గొప్పబడికి పంపితినని మురియు తండ్రి, ఆ బడిలో పాఠము చెప్పు తన చెల్లెలి జీత మెంతో అడిగి చూడవలెను.

అవి పల్లెలలోని చిన్నబడులు, పట్టణములలోని పెద్ద సంస్థల మాట వేరుగదాయని మీరనవచ్చును. వేరే, కాదనము. అక్కడ బిడ్డను చేర్చుకొనుటకు ముందే పరీక్ష పెట్టుదురు, చేరినపిదప మార్కులనుబట్టి వర్గములుగా విడదీయుదురు, మెరికలకు ఫీజు మాఫీ చేసి వారి బొమ్మలను గోడ కెక్కింతురు. ఆ మాఫీ సొమ్ము కట్టునది బొమ్మ కెక్కని బిడ్డల తండ్రులు. 2009 విద్యాహక్కు చట్టము 13వ విభాగమున, చేర్చుకొనుటకు బిడ్డనుగాని తల్లిదండ్రులనుగాని పరీక్షింపరాదని స్పష్టముగా నున్నది. ఆ నిషేధమును చదివిన తండ్రులును ఆ పరీక్షకై వరుసలో నిలుచుచున్నారు. అదే చట్టము ప్రైవేటుబడి ఒకటవ తరగతిలో నాలుగవవంతు చోట్లు బీదబిడ్డలకు కేటాయింపుమన్నది. చట్టము 2010 ఏప్రిలులో అమలునకు వచ్చెను. ఈ నియమము మన రాష్ట్రమున బడి గడప దాటునప్పటికి పుష్కరము గడచెను. ఫీజుల కథయు నిట్టిదే. 2021 ఆగస్టులో ప్రభుత్వము ఊరినిబట్టి తరగతినిబట్టి ఒక్కొక్క హద్దు విధింపగా, ఆ డిసెంబరులోనే హైకోర్టు దానిని కొట్టివైచెను. కాబట్టి సర్కారువారు వచ్చి మన ఫీజు తగ్గింతురని కూర్చుండుట వ్యర్థము.

ఇక మూడవ ద్వారము. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులోను, మరుసటియేట మన తాడికొండలోను గురుకుల పాఠశాలలు వెలసినవి. పల్లెలోని తెలివిగల పేదబిడ్డకు అన్నము, గుడ్డ, గురువు, గ్రంథము ఒక్కచోట నమర్చుట వాని ఆశయము. 1986 జాతీయ విద్యావిధానమునుబట్టి ఏర్పడిన నవోదయ విద్యాలయములలో నొకటి చిలకలూరిపేట చెంత మద్దిరాలలో నున్నది. వీనినుండి వచ్చిన మేలును కాదనువాడు కృతఘ్నుడు. నిజాంపట్నమున వేటకు బోవు తండ్రి వలకు చేప పడనినాడు పొయ్యి వెలుగని ఇంటి పిల్లకు, మూడుపూటల భోజనముతో చదువుచెప్పు గురుకులము వలదని చెప్పు ధైర్యము మాకు లేదు. అట్టిది చెప్పు సంస్కర్తలను మేము నమ్మము.

మా కలహము ఆ పిల్లతో గాదు, ఆ పిల్ల చోటును కొట్టుకొనిపోవువారితో. నవోదయలో ఆరవ తరగతి చోట్లు సాధారణముగా ఎనుబది. వానిలో నూటికి డెబ్బదియైదు పల్లెబిడ్డలకు. 3, 4, 5 తరగతులు పల్లెబడిలో చదివినవాడే పల్లెబిడ్డయని నియమము. నియమమున్నచోట ఉపాయమును ఉండును. పట్టణపు గృహస్థు బిడ్డ పేరు పల్లెబడి రిజిస్టరులో నుంచి, బిడ్డను మాత్రము కోచింగు కేంద్రములో నుంచును. మూడవ తరగతి పసివాడు ఆటమాని చిత్రములకు జతలు కలుపుటయందు ఆరితేరును. పదియేండ్ల కతడు నెగ్గును; ‘మావాడు మేధావి’యని తీపి పంచుదురు. నెగ్గనివాడు పదియేండ్లకే తాను పనికిమాలినవాడనని తెలిసికొని ఇంటికి వచ్చును. ఆ వయసున ఈ తీర్పు చెప్పుటకు మన కెవ రధికార మిచ్చిరి?

సర్కారుబడి లోపములను దాచి దానిని పొగడుటకు మేము పూనుకొనలేదు. 2019 నవంబరులో మొదలైన నాడు-నేడు పథకముతో చాల బడులకు గోడలు, బల్లలు, మరుగుదొడ్లు సమకూడినవి. మరుగుదొడ్డి లేమిచేతనే ఎదిగిన పిల్లలు బడి మానిన ఊళ్లను ఎరిగినవారము గనుక ఆ పని చిన్నదని మే మనము. కాని 2022లో 3, 4, 5 తరగతులను ఊరి ప్రాథమిక పాఠశాలలనుండి పెకలించి ఉన్నత పాఠశాలలకు చేర్చిరి. ఎనిమిదేండ్ల బిడ్డ లారీలు తిరుగు రోడ్డు దాటి పోవలసినచో, వాకిటికి బస్సు పంపువానిదే గెలుపు. 2025లో ఆ ఉత్తర్వును త్రోసివేసి, తరగతికొక ఉపాధ్యాయుడుండు ఆదర్శ ప్రాథమిక పాఠశాలల నేర్పరచిరి. ఆ యేడే 16,347 ఉపాధ్యాయ పదవులకు ప్రకటన వెలువడి, సెప్టెంబరులో నియామక పత్రములు అందినవి. ఇంత జరిగినను కొన్ని ఊళ్లలో నేటికిని ఒక్క ఉపాధ్యాయుడే అన్ని తరగతులను కాచుచున్నాడు. అరువదిమంది పిల్లల వరకు ఇద్దరుండవలెనని చట్టపు అనుబంధమే చెప్పుచుండగా, ఆ రెండవవానికొరకు అడిగినవా రెవరు? అడుగగలిగినవారి బిడ్డలందరు బస్సెక్కిరి. మిగిలినవారు కూలికి పోవలెను.

అలహాబాదు హైకోర్టు 2015 ఆగస్టులో, ప్రభుత్వపు జీతము తినువారందరును తమ బిడ్డలను సర్కారు ప్రాథమిక పాఠశాలలకే పంపునట్లు చూడుమని ఉత్తరప్రదేశ ప్రభుత్వము నాజ్ఞాపించెను. అది ఆచరణకు రాలేదు. వచ్చునని మేమును తలపలేదు. బలవంతపు భక్తి నిలువదు. కాని తాను పాఠము చెప్పు బడిలో తన బిడ్డను వేయని ఉపాధ్యాయుని చూచి ఊరివారు ఏమి గ్రహింతురు? తన వంట తాను తినని వంటవాని వలెనే గదా!

‘నా బిడ్డ బ్రతుకుతో మీ సంస్కరణ ప్రయోగము చేయుదునా?’ యని ఒక మిత్రుడు మమ్ము నిలదీసెను. న్యాయమైన ప్రశ్నయే. ప్రయోగము ఇదివరకే జరుగుచున్నది, మహాశయా! అయిదేండ్ల పసివానిని ఇంట వినబడని భాషలో కూర్చుండబెట్టి, సాయంకాలము మరల ట్యూషనునకు పంపి, వాని తోబుట్టువును వేరొక బడిలో వేసి, అయిదేండ్లకొక లక్ష ఖర్చుచేయుట ప్రయోగముగాక మరేమి? మే మడుగునది దానికంటె చిన్నది. మొదటి అయిదు తరగతులు, నడచిపోగల దూరమున బడి యుండి చెప్పువారుండినచో, కొడుకును కూతురును ఒక్క బడికే పంపుడు. అట్టిది లేక ఫీజు కట్టవలసియే వచ్చినచో ఇద్దరికిని కట్టుడు. ఇద్దరికిని కట్టలేనిచో ఒకరికిని కట్టకుడు. మిగిలిన సొమ్ము ఇద్దరి పేరను సమముగా దాచినచో పైచదువునాటికి అక్కరకు వచ్చును.

ఇంకొక పని ఇల్లాండ్రది. విద్యాహక్కు చట్టము 21వ విభాగమున ప్రతి సర్కారుబడికిని యాజమాన్య సంఘ ముండవలెననియు, అందు నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే యుండవలెననియు, సభ్యులలో సగము స్త్రీలనియు విధించిరి. చాలచోట్ల ఈ స్త్రీలు సంతకమునకు మాత్రమే పిలువబడుచున్నారు. కొందరి సంతకము భర్తయే చేయుచున్నాడు. చదివిన ఇల్లాలు ఆ సంఘములో కూర్చుండి హాజరుపట్టీ తెప్పించి చూచినచో, బియ్యపు బస్తా విప్పించి చూచినచో, రెండవ ఉపాధ్యాయు డేడీయని మండల విద్యాధికారికి వ్రాసినచో ఎవడును కాదనజాలడు. కాని బిడ్డ ఆ బడిలో లేనిచో ఆమె కా సంఘములో చోటు లేదు. బాపట్లలో ఒక తల్లి నిరుడు ఈ పని చేయబోగా ఆమె మామగారు ‘మన ఇంటివారు ఆ బడి మెట్లెక్కుదురా?’ అనెనట. ఆయన చదివినది ఆ బడిలోనే.