బండి బ్రెయిన్ మార్చే ముందు..

పాత కారు మొరాయిస్తే 'ఈసీఎం పోయింది, మార్చాల్సిందే' అనే మాట మా రామారెడ్డి నుంచి కామారెడ్డి దాకా వింటూనే ఉంటాం. తొందరపడకండి. నేనైతే ముందు బ్యాటరీ, ఎర్త్ వైరు, మెయిన్ రిలే చూడమంటాను. వీటిలో ఏది వదులైనా ఈసీఎం పోయినట్టే అనిపిస్తుంది. అన్నీ బాగుంటేనే పెట్టె విప్పించండి. కెపాసిటర్ ఉబ్బినా, తడికి పిన్నులు తుప్పు పట్టినా చాలాసార్లు రిపేరుతోనే పోతుంది.

మార్చక తప్పదా? పార్ట్ నంబర్ పొల్లుపోకుండా కలవాలి. ఇమ్మొబిలైజర్ ఉంటే తాళంచెవి కోడ్ కూడా కొత్త పెట్టెకు నేర్పించాలి. లేకుంటే సెల్ఫ్ తిరుగుతుంది గానీ ఇంజిన్ అందుకోదు. సెకండ్‌హ్యాండ్‌ది కొంటే 'కోడింగ్ కూడా నీదేనే అన్నా' అని ముందే మాట్లాడుకోండి. పూర్తి పైసలు మాత్రం బండి స్టార్టయ్యాకే!