జరావాల అడవికి టికెట్టు

అబర్డీన్ బజారులో తెలుగు మాట వినబడగానే మన పర్యాటకుడికి ‘స్వదేశమే కదా’ అన్న ధీమా కలుగుతుంది. సింగపూర్ వెళ్లేముందు అక్కడి జరిమానాలన్నీ తెలుసుకొనేవాడే, ఇక్కడ 1956 నాటి ఆదిమ తెగల రక్షణ శాసనం ఊసెత్తడు. మర్నాడు వేకువనే జిర్కాటాంగ్ వద్ద వాహనాల బారులో చేరి, బారాటాంగ్ గుహల కోసం జరావాల అడవిని దాటుతాడు. ఆగరాదు, ఫొటో తీయరాదు, తినుబండారాలు ఇవ్వరాదు అన్నవి అక్కడి నియమాలు. పాటించి తీరవలసినవే. తిండి చూపి జరావా స్త్రీలను ఆడించిన వీడియో 2012లో బయటపడి దేశం పరువు తీసింది.

అయితే నియమాలు వల్లించే ప్రభుత్వం చేసిందేమిటి? రిజర్వులోని ఆ రహదారి భాగాలను మూసివేయమని సుప్రీంకోర్టు 2002లోనే ఆదేశించింది. వాహనాలు మాత్రం నేటికీ సాగుతూనే ఉన్నాయి. ద్వీపవాసుల రాకపోకల మాటెత్తి సమర్థించుకొంటారు. వారి అవసరం నిజమే. అందుకు సముద్ర మార్గంలో పడవలు పెంచాలి. వినోదయాత్రకు ఆ సాకు చెల్లదు. తన దేశ అత్యున్నత న్యాయస్థానం మాటనే పెడచెవిన పెట్టినవారికి, పర్యాటకుడిని దండించే నైతికార్హత ఎక్కడిది?

జరావాలకు మనమందరమూ విదేశీయులమే. పిలవని ఇంటికి దారి చూపి టికెట్టు అమ్మడం పర్యాటకం కాదు, చొరబాటు.