పి0011 అంటే పార్ట్ మార్చమని కాదు

మా నాన్న కారు సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ఇంజన్ వణికేది, ఒక్కోసారి ఆగిపోయేది. చెక్ ఇంజన్ లైట్ కూడా వెలిగింది. వర్క్‌షాప్‌లో స్కానర్ పెడితే పి0011 కోడ్ వచ్చింది. పది నిమిషాల్లో "వీవీటీ సోలెనాయిడ్ పోయింది సార్" అని కొత్తది వేశారు. 8 వేలు. నాలుగో రోజు లైట్ మళ్ళీ ప్రత్యక్షం. "అయితే క్యామ్ ఫేజర్ అయ్యుంటుంది, చెయిన్‌తో కలిపి 40 వేలు" అన్నారు. "అయ్యుంటుంది" అన్న ఒక్క మాటకి 40 వేలా?

నేను సీఎస్ఈ. ఇంజన్ గురించి నాకు తెలిసింది సున్నా, కానీ ఎర్రర్ మెసేజ్‌లతో రోజూ కాపురమే. 42వ లైన్లో ఎర్రర్ అని వస్తే, తప్పు అక్కడ బయటపడిందనే అర్థం. చేసింది ఎక్కడో పైన. అందుకే కూర్చుని చదివాను.

ఇన్‌టేక్ వాల్వులు తెరిచేది క్యామ్‌షాఫ్ట్. వీవీటీ ఇంజన్‌లో ఆ క్యామ్‌ని కాస్త ముందుకీ వెనక్కీ తిప్పేది ఎవరనుకున్నారు? మామూలు ఇంజన్ ఆయిలే! సోలెనాయిడ్ వాల్వ్ ఆయిల్‌కి దారి ఇస్తుంది, ఆ ప్రెషర్‌కి ఫేజర్ తిరుగుతుంది. క్రాంక్, క్యామ్ సెన్సర్లని చూసి ఈసీయూ లెక్క సరిపోల్చుకుంటుంది. తను అడిగిన దానికంటే క్యామ్ ముందుకెళ్ళి అక్కడే ఉండిపోతే పి0011. ఎందుకు ఉండిపోయిందో దానికి తెలీదు. ఆయిల్ తగ్గినా, మడ్డి కట్టినా, చెయిన్ సాగినా అదే కోడ్ రావచ్చు. సోలెనాయిడ్ కరెంటు సర్క్యూట్‌లో లోపం ఉంటే మామూలుగా వచ్చేది వేరే కోడ్, పి0010. మాకది రాలేదు. ఆ తేడా ఎవరూ పట్టించుకోలేదు.

విజయవాడ ఆటోనగర్‌లో నాన్నకి తెలిసిన మెకానిక్ బాబాయ్ స్కానర్ తీయకముందే డిప్‌స్టిక్ లాగాడు. బట్టకి తుడిచి నాకు చూపించి, "ఇది ఆయిలా, తారా బాబూ?" అన్నాడు. నాన్న అటు తిరిగి ఫోన్ చూసుకుంటున్నారు. ఆయిల్ మార్చి ఏడాదిన్నర మరి!

కొత్త సోలెనాయిడ్ విప్పితే, వారం కూడా కాలేదు, దాని సన్న జాలీకి అప్పుడే నల్లగా మడ్డి. డిక్కీలో పడున్న పాతదానికి మల్టీమీటర్ పెట్టాడు, సుమారు 7 ఓమ్స్. కాయిల్ బాగానే ఉంది. క్లీనర్ కొట్టి కడిగి, ఒక్క క్షణం 12 వోల్టులిచ్చాడు. లోపలి స్పూల్ టక్కుమంది. అంటే మేం తీసేసింది కూడా మంచిదే.

జాలీ, ఆయిల్ దారి శుభ్రం చేసి, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు ఆయిల్ పోసి, ఫిల్టర్ మార్చాడు. మిగిలిన మడ్డి కరిగి వస్తుందని, 1000 కిలోమీటర్లకే ఆయిల్ మళ్ళీ మార్చమన్నాడు. నెలైంది, లైట్ రాలేదు.

మొదటి వర్క్‌షాప్ వాళ్ళు మోసగాళ్ళని నేననను. తప్పులో సగం మనదే. 8 వేల పార్ట్‌కి నోరెత్తకుండా డబ్బులిస్తాం. గంటసేపు వెతికినందుకు 500 అడిగితే "ఏం మార్చావని?" అంటాం. ఇక వాళ్ళెందుకు వెతుకుతారు?

బాబాయ్ బిల్లులో ఆయిల్ ఉంది, ఫిల్టర్ ఉంది, క్లీనింగ్ ఉంది. వెతికినందుకు మాత్రం ఏ లైనూ లేదు. అదే అడిగితే నవ్వాడు. "అది రాస్తే మీ నాన్నగారు ఇస్తారా?"