మంచువాలుపై నిలిచే అడుగు

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని తెలుగువారి సామెత. అది మైదానాలలో పుట్టిన మాట. గడ్డకట్టిన మంచువాలు మీద జారిన కాలిని వెనుకకు తీసుకోవడం ఎవరి తరమూ కాదు. జారిన మనిషి ఎక్కడ ఆగేదీ ఆ వాలే నిర్ణయిస్తుంది.

ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో కేదార్‌కంఠ అనే శిఖరం ఉంది. ఎత్తు సుమారు 12,500 అడుగులు. పర్వతారోహణలో శిక్షణ పొందనివారు సైతం శీతకాలంలో నడిచి ఎక్కగల శిఖరమని దానికి పేరు. అందువల్ల మంచును చిత్రాలలో మాత్రమే చూసినవారు కూడ సాంక్రీ గ్రామం చేరి, అక్కడినుండి నడక ప్రారంభిస్తారు. శిఖరానికి బయలుదేరేది తెల్లవారకముందే. ఆ వేళకు పగటి ఎండకు కరిగిన మంచు తిరిగి గడ్డకట్టి గాజుపలకవలె ఉంటుంది. బూటు ఎంత ఖరీదైనదైనా, చలికి బిగుసుకొన్న దాని రబ్బరు అడుగుభాగం ఆ గాజును పట్టుకోలేదు. అక్కడ అక్కరకు వచ్చేది బూటుపై తొడుక్కొనే ముళ్ల గొలుసు. వాడుకలో దీనిని మైక్రోస్పైకులని అంటున్నారు.

మంచుగడ్డ ఎందుకు జారుతుంది? గడ్డ కరిగే స్థితికి రాకముందే దాని ఉపరితలంపై నీటివంటి అతి పలుచని పొర ఉంటుందని మైకేల్ ఫారడే 1850లో ప్రతిపాదించాడు. ఆ పొర కందెనవలె పనిచేస్తుంది. 60 కిలోల మనిషి ఒంటికాలిపై నిలిచినప్పుడు అతని బరువు అరికాలి వైశాల్యమంతటా పరచుకుంటుంది. అదే బరువు 10 ముళ్లపై పడితే ఒక్కొక్క మొనపై 6 కిలోల భారం నిలుస్తుంది. మొన ఆ పొరను దాటి గడ్డలోనికి దిగి పట్టు సంపాదిస్తుంది. ఈ సాధనంలోని కిటుకంతా ఇంతే.

అంగడిలో ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి. రబ్బరు జాలికి ఉక్కుతీగ చుట్టినవి మొదటి రకం. ఇవి చదునైన వీధులలో నడవడానికి చాలు, వాలుపై నిలువవు. రబ్బరు తొడుగులో చిన్న మేకులు బిగించినవి రెండవ రకం. ఇవి మిక్కిలి చవక, కాని రాళ్లపై నడిచినప్పుడు మేకులు ఒక్కొక్కటిగా ఊడిపోతాయి. మూడవ రకంలో రబ్బరు పట్టీకి ఉక్కు గొలుసులు, ఆ గొలుసులకు సుమారు సెంటీమీటరు పొడవు గల ముళ్లు ఉంటాయి. కొండదారికి తగినది ఈ మూడవ రకమే.

ఈ రకంలోనూ ధరలలో చాలా వ్యత్యాసం ఉంది. చవకైనదంతా చెడ్డది కాదు, కాని చూసి కొనవలసిన అంశాలు వేరు. పెట్టెమీద 24 ముళ్లని అచ్చువేసినంత మాత్రాన మురిసిపోరాదు. ముళ్లు పెరిగిన కొద్దీ ఒక్కొక్క మొనపై పడే భారం తగ్గుతుంది. మునివేళ్ల కింద, మడమ కింద ముళ్లు సరిగా అమరి ఉన్నవా అన్నదే ప్రధానం.

తరువాత గొలుసు కడియాలను చూడాలి. కడియం రెండు కొసలూ అతుకుపెట్టి ఉండాలి. కేవలం వంచి వదిలిన కడియం బరువుకు విచ్చుకుంటుంది. గొలుసు రబ్బరును కలిసే రంధ్రం వద్ద లోహపు ఉంగరం ఉన్నదీ లేనిదీ గమనించాలి. చిరుగు సాధారణంగా అక్కడే మొదలవుతుంది. రబ్బరును పరీక్షించడానికి ఇంట్లోని ఫ్రిజ్ చాలు. ఐసు గడ్డకట్టే అరలో ఒక రాత్రి ఉంచి, ఉదయం తీసిన వెంటనే గట్టిగా లాగి చూడాలి. ఆ అరలో ఉష్ణోగ్రత సుమారు మైనస్ 18 డిగ్రీలు. అక్కడ పెళుసెక్కిన రబ్బరు పర్వతంపై తెగకుండా ఉంటుందని ఆశించరాదు.

కొలతను నడకలో వేసుకోబోయే బూటుతోనే తీసుకోవాలి. లడఖ్‌లో గడ్డకట్టిన జాన్స్కార్ నదిపై నడిచేవారు, మంచుపైకి ఉబికే నీటికి జడిసి, తరచు గమ్‌బూట్లు ధరిస్తారు. మామూలు బూటు కొలతతో కొన్న తొడుగు వాటికి అమరదు. తొడిగి పది అడుగులు నడిచి, పక్కకు తిరిగి, ఎగిరి చూడాలి. ముళ్లు పక్కకు ఒరిగితే ఆ జత పనికిరాదు.

ఒక్కసారి మాత్రమే వెళ్లేవారికి అద్దె జత మేలు. నడక మొదలయ్యే ఊళ్లలో ఇవి అద్దెకు దొరుకుతాయి. అయితే తీసుకొన్న పూటనే, పగటి వెలుతురులో, పై పరీక్షలన్నీ చేయాలి. చీకటిలో, మొద్దుబారిన వేళ్లతో తెగిన కడియాన్ని కనిపెట్టడం సాధ్యం కాదు.

ధరించిన తరువాత పాదాలను కొంచెం ఎడంగా ఉంచి, అరికాలు మొత్తం ఒక్కసారిగా ఆనేటట్లు అడుగు వేయాలి. మడమతో మాత్రమే దిగితే సగం ముళ్లు వ్యర్థమవుతాయి. తిరుగుప్రయాణంలో ఎండకు మెత్తబడిన మంచు ముళ్లమధ్య ముద్దకట్టి మొనలను కప్పివేస్తుంది. చేతికర్రతో తట్టి ఎప్పటికప్పుడు రాల్చాలి. మంచులేని రాతిపై తొడుగును విప్పివేయాలి. లేకపోతే మొనలు అరిగిపోవడమే గాక, రాతిపై అవే జారతాయి.

ఈ ముళ్లు క్రాంపాన్లకు ప్రత్యామ్నాయం కావు. ఆస్కార్ ఎకెన్‌స్టైన్ 1908లో రూపొందించిన పదిమొనల క్రాంపాన్, 1929లో లారెంట్ గ్రివెల్ దానికి చేర్చిన ముందు మొనలు నిటారు హిమానికి ఉద్దేశించినవి. వాటికి మంచుగొడ్డలి, శిక్షణ తోడు కావాలి. రబ్బరు పట్టీతో నిలిచే ముళ్లు సాధారణ వాలు వరకే రక్షిస్తాయి. ప్రమాదం తరచు పొంచి ఉండేది ఇక్కడే. మొదటి గంటలో అడుగు జారకపోవడంతో పుట్టిన ధైర్యం, మనిషిని ఆ సాధనం శక్తికి మించిన వాలుపైకి నడిపిస్తుంది. మొనలు గుచ్చుకోక గీసుకుంటూ పోతున్నాయంటే ఆ వాలు వాటి హద్దు దాటిందని అర్థం. అక్కడినుండి వెనుదిరగాలి.